స్క్వేర్ వేవ్‌లో హీమిన్ పీక్ రెండుగా చీలుతోంది: డైమరా, లేక వేగం వల్లా?

గాజుకర్బనం, తార్నాక

అందరికీ నమస్తే. గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద హీమిన్ (ఇనుము ఉన్న పోర్ఫిరిన్ అణువు) అంటించి, అందులోని ఇనుము ఫెర్రిక్ నుంచి ఫెర్రస్‌కు, మళ్ళీ వెనక్కి ఎంత వేగంగా మారుతోందో కొలవాలి. సెటప్ ఇదీ: 3 మిల్లీమీటర్ల డిస్క్, సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్, ప్లాటినం తీగ, 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్, పీహెచ్ 7. హీమిన్‌ను డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగించి, 0.1 మిల్లీమోలార్ ద్రావణంలో ఎలక్ట్రోడ్‌ను 5 నిమిషాలు ముంచి, కడిగి, హీమిన్ లేని బఫర్‌లోకి మారుస్తున్నాను. నైట్రోజన్ 20 నిమిషాలు.

సైక్లిక్ వోల్టామెట్రీ (పొటెన్షియల్‌ను ఒకే వేగంతో ముందుకూ వెనక్కూ నడిపి కరెంట్ చూడటం) బాగానే ఉంది. సెకనుకు 0.1 వోల్ట్ దగ్గర ఒక్కటే జత, మధ్య బిందువు మైనస్ 0.355 వోల్ట్, రెండు పీకుల మధ్య దూరం 8 మిల్లీవోల్టులు, సగం ఎత్తులో వెడల్పు 105 మిల్లీవోల్టులు. పీకు కింద ఛార్జ్ 0.5 మైక్రోకూలాంబ్. కరెంట్ స్కాన్ రేటుకు సూటిగా పెరుగుతోంది.

తంటా అంతా స్క్వేర్ వేవ్‌లోనే (మెట్టుమెట్టుగా దిగుతూ ప్రతి మెట్టు దగ్గరా పొటెన్షియల్‌ను పల్సులుగా అటూ ఇటూ ఊపే పద్ధతి). 15 హెర్ట్జ్, 25 మిల్లీవోల్టుల ఆంప్లిట్యూడ్ పెడితే ఒకే పీక్. సిగ్నల్ పెరుగుతుంది కదా అని ఆంప్లిట్యూడ్ 100కి పెంచితే మైనస్ 0.29 దగ్గర ఒకటి, మైనస్ 0.42 దగ్గర ఒకటి, రెండు పీకులు వస్తున్నాయి. మధ్యలో లోతైన పల్లం. ఇంకో వింత, ఫ్రీక్వెన్సీ 60కి పెంచితే రెండూ కలిసి ఒక్కటైపోతున్నాయి.

మ్యూ-ఆక్సో డైమర్ (ఆక్సిజన్ వంతెనతో జతైన రెండు హీమిన్లు) ఏర్పడిందని ల్యాబ్‌లో అంటున్నారు. అదే అయితే హీమిన్ తయారీ మొత్తం మార్చాలి. ఎలా తేల్చుకోవాలి?

నల్లచుక్క

డైమర్ కాదు. అసలు రెండో పదార్థమే లేదు. మీరు రాసిన దాంట్లోనే రుజువు ఉంది: ఆంప్లిట్యూడ్ మారిస్తే చీలుతోంది, ఫ్రీక్వెన్సీ పెంచితే అతుక్కుంటోంది. రెండు వేర్వేరు పదార్థాలైతే వాటి ఈ-నాట్‌లు (ఫెర్రిక్, ఫెర్రస్ సమానంగా ఉండే పొటెన్షియల్) మీ యంత్రం సెట్టింగులను బట్టి జరగవు. పైగా 130 మిల్లీవోల్టుల దూరంలో నిజంగా రెండు జతలుంటే సైక్లిక్‌లో 105 మిల్లీవోల్టుల వెడల్పున్న ఒక్క పీకులో ఇమడవు, కనీసం భుజమైనా కనిపించాలి.

ఎందుకు చీలుతుందో చెప్తాను. ద్రావణంలో ఉన్న పదార్థమైతే పల్స్ పెట్టాక కూడా దూరం నుంచి కొత్త అణువులు వస్తూ ఉంటాయి, కరెంట్ మెల్లగా తగ్గుతుంది. ఇక్కడ అలా కాదు. ఎలక్ట్రోడ్‌కు అంటుకున్న సరుకు అంతే, అది అయిపోతే కరెంట్ లేదు. యంత్రం కరెంట్‌ను పల్స్ చివర్లో కొలుస్తుంది. 15 హెర్ట్జ్ దగ్గర ఒక్కో పల్స్ 33 మిల్లీసెకన్లు. ఈ-నాట్ చుట్టూ 100 మిల్లీవోల్టులు అటూ ఇటూ ఊపితే రెండు పల్సుల్లోనూ తోపు గట్టిగా ఉంటుంది, 33 మిల్లీసెకన్లు పూర్తికాక ముందే మార్పిడి అంతా ముగిసిపోతుంది, కొలిచే క్షణానికి మిగిలేది దాదాపు సున్నా. అదే మీ మధ్య పల్లం. కొంచెం పక్కకి జరిగితే రెండు పల్సుల్లో ఏదో ఒకటి ఈ-నాట్‌కు దగ్గరగా పడుతుంది, అక్కడ తోపు తక్కువ, మార్పిడి నెమ్మది, చివరి వరకూ కరెంట్ మిగులుతుంది. అందుకే పల్లానికి రెండు వైపులా రెండు దిబ్బలు.

ఇప్పుడు చేయాల్సిన పని: నికర కరెంట్‌ను పక్కన పెట్టి ఫార్వర్డ్, రివర్స్ కరెంట్లను విడివిడిగా తెరపై వేయండి. చాలా సాఫ్ట్‌వేర్లు తేడాను మాత్రమే చూపించి ఈ రెండింటినీ లోపల దాచి ఉంచుతాయి, డేటా ఫైల్‌లో ఉంటాయి. నిజంగా రెండు పదార్థాలుంటే ప్రతి పీకు కిందా ఒక క్షయకరణ పీకు, ఒక ఆక్సీకరణ పీకు ఎదురెదురుగా ఉంటాయి. ఇది వేగం వల్ల వచ్చిన చీలిక అయితే మైనస్ 0.29 పీకు మొత్తం క్షయకరణ కరెంట్‌తో, మైనస్ 0.42 పీకు మొత్తం ఆక్సీకరణ కరెంట్‌తో తయారై ఉంటుంది. అంటే సైక్లిక్‌లో చూసే వరసకు తారుమారు: క్షయకరణ పాజిటివ్ వైపు, ఆక్సీకరణ నెగెటివ్ వైపు. మొదటిసారి చూస్తే తీగలు తిరగేసి తగిలించామేమో అనిపిస్తుంది, కానీ అదే సరైన బొమ్మ.

చీలిక పీడ కాదు, వరం. రెండు పీకుల మధ్య బిందువే ఈ-నాట్. మీది మైనస్ 0.355, సైక్లిక్‌తో అచ్చంగా సరిపోయింది చూడండి. రెండింటి ఎత్తులు సమానమైతే ఆల్ఫా (పొటెన్షియల్ తోపులో క్షయకరణకు దక్కే వాటా) 0.5 దగ్గర, ఒకటి పొడుగైతే ఆల్ఫా అటో ఇటో జరిగినట్టు.

బఫర్‌ఏడు, ఉప్పల్

నల్లచుక్క గారి వివరణ సరైనదే. కానీ "రెండో పదార్థమే లేదు" అని ఇప్పుడే ముద్ర వేయడం తొందరపాటు. హీమిన్ విషయంలో డైమర్ కల్పన కాదు, క్షార జలంలో అది ఉండేదే ఎక్కువగా డైమర్ రూపంలో. డీఎంఎస్‌ఓలో ఉంచినంతసేపు మోనోమరే. కాబట్టి ముంచే ద్రావణాన్ని యూవీ-విజిబుల్‌లో ఒకసారి చూడటానికి పది నిమిషాలు పట్టదు: డీఎంఎస్‌ఓలో సోరే బ్యాండ్ (పోర్ఫిరిన్ల ప్రధాన శోషణ పట్టీ) 404 నానోమీటర్ల దగ్గర సన్నగా నిటారుగా ఉండాలి. 385 వైపు జరిగి బొద్దుగా కనిపిస్తే ద్రావణం చెడింది. సీసాకు రేకు చుట్టి చీకట్లో పెట్టండి, వారానికోసారి కొత్తది కలుపుకోండి.

ఇంతకంటే తరచుగా జరిగే తప్పు పొర మందం. చాలామంది ముంచకుండా 1 మిల్లీమోలార్ ద్రావణం 10 మైక్రోలీటర్ల బొట్టు వేసి ఆరబెడతారు. లెక్క చూడండి: బొట్టులో 10 నానోమోల్స్ ఉంటాయి. 3 మిల్లీమీటర్ల డిస్క్ వైశాల్యం 0.0707 చదరపు సెంటీమీటర్లు, హీమిన్ పడుకుని ఒక్క పొర పరచడానికి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.1 నానోమోల్ చాలు, అంటే డిస్క్‌కు 7 పికోమోల్స్. బొట్టు వేస్తే అవసరానికి 1400 రెట్లు కుప్పపోసినట్టు. అప్పుడు కింది పొర ఒక వేగంతో, పై పొరలు ఇంకో వేగంతో నడుస్తాయి, ఆ డేటాకు ఏ సూత్రమూ అతకదు. మీరు ముంచుతున్నారు కాబట్టి ఫర్వాలేదు. 0.5 మైక్రోకూలాంబ్‌ను ఫారడే స్థిరాంకం, వైశాల్యంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 0.073 నానోమోల్, ఒక పొరకు లోపే.

వెడల్పు 105 అన్నారు. ఒక ఎలక్ట్రాన్‌కు 25 డిగ్రీల దగ్గర ఆదర్శ విలువ 90.6. మీ 105లో కొంత అణువుల మధ్య తోపులాట, కొంత గ్లాసీ కార్బన్ ఎగుడుదిగుడు. గది వేడి కూడా చూసుకోండి. మే నెల మధ్యాహ్నం ఏసీ ఆగిపోయిన గదిలో ద్రావణం 35 డిగ్రీలుంటే ఆదర్శ విలువే 93.6 అవుతుంది, పైగా వేగం కూడా మారుతుంది. సెల్‌ను నీటి తొట్టెలో 25 దగ్గర నిలబెట్టకుండా ఉదయం డేటానూ మధ్యాహ్నం డేటానూ ఒకే గ్రాఫులో వేయకండి.

ఇంకోటి, ఆక్సిజన్. ఫెర్రస్ హీమ్ ఆక్సిజన్‌ను వదలదు, తాను మళ్ళీ ఫెర్రిక్ అయిపోయి క్షయకరణ కరెంట్‌ను కృత్రిమంగా పెంచుతుంది. హైదరాబాద్ ఎత్తులో, 30 డిగ్రీల దగ్గర గాలితో నిండిన నీటిలో లీటరుకు 7 మిల్లీగ్రాముల చిల్లర ఆక్సిజన్ ఉంటుంది, అంటే 0.2 మిల్లీమోలార్ పైమాటే. ఎలక్ట్రోడ్ మీద మీ సరుకు 5 పికోమోల్స్. పోలికే లేదు. 20 నిమిషాలు బబ్లింగ్ సరిపోతుంది, కానీ గొట్టం సిలికాన్‌దైతే దాని గోడల గుండానే గాలి లోపలికి వస్తుంది. టెఫ్లాన్ గొట్టం వాడండి. కొలిచేటప్పుడు గొట్టాన్ని ద్రావణం పైకి లాగి నైట్రోజన్ దుప్పటిలా ఉంచండి, ఆపేయకండి. క్షయకరణ పీకు వైశాల్యం ఆక్సీకరణ కంటే ఎక్కువగా వస్తే ముందు అనుమానించాల్సింది గొట్టాన్నే.

గాజుకర్బనం, తార్నాక

ఇద్దరికీ ధన్యవాదాలు. గొట్టం సిలికాన్‌దే, మార్చాను. సోరే బ్యాండ్ 404 దగ్గరే ఉంది.

ఫార్వర్డ్, రివర్స్ విడిగా వేశాను. నల్లచుక్క గారు చెప్పినట్టే మైనస్ 0.29 కింద ఆక్సీకరణ కరెంట్ దాదాపు లేదు, మైనస్ 0.42 కింద క్షయకరణ లేదు. ఎత్తులు సమానం.

ఇప్పుడు వేగ స్థిరాంకం ఎలా తీయాలి? 100 మిల్లీవోల్టుల ఆంప్లిట్యూడ్‌తో ఫ్రీక్వెన్సీ మారుస్తూ నికర పీక్ కరెంట్‌ను ఫ్రీక్వెన్సీతో భాగించాను, మైక్రోఆంపియర్ పర్ హెర్ట్జ్‌లో: 30 దగ్గర 0.37, 45 దగ్గర 0.49, 60 దగ్గర 0.52, 75 దగ్గర 0.50, 120 దగ్గర 0.39, 200 దగ్గర 0.27. అయితే 50 హెర్ట్జ్ దగ్గర తీసిన పాయింటు ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది, అది వదిలేశాను. 30 దగ్గర పీకు నెత్తి చదునుగా ఉంది.

నల్లచుక్క

బాగుంది, మీ గ్రాఫుకు శిఖరం వచ్చింది. దీన్ని క్వాసీ-రివర్సిబుల్ మాగ్జిమమ్ అంటారు. ఫ్రీక్వెన్సీ మరీ తక్కువైతే కొలిచే లోపే చర్య అయిపోతుంది, మరీ ఎక్కువైతే మొదలయ్యే లోపే పల్స్ అయిపోతుంది. రెండింటికీ మధ్య, చర్య వేగం పల్స్ వేగంతో జత కుదిరే చోట శిఖరం. ఆ ఫ్రీక్వెన్సీని ఒక గుణకంతో గుణిస్తే వేగ స్థిరాంకం వచ్చేస్తుంది.

ఆ గుణకాన్ని 1 అనుకుని గుణించేస్తారు చాలామంది. అక్కడే తప్పుతారు. అది ఆంప్లిట్యూడ్‌ను బట్టి మారుతుంది. ఎలక్ట్రాన్ల సంఖ్యను ఆంప్లిట్యూడ్‌తో గుణిస్తే 25 మిల్లీవోల్టులు వచ్చేచోట గుణకం 1.14, 50 దగ్గర 0.85, 100 దగ్గర 0.36. ఇవి ఆల్ఫా 0.5కి, చిన్న మెట్టుకు. మీ శిఖరం 45కీ 75కీ మధ్య, లాగ్ స్కేల్ మీద పారాబోలా వేస్తే 60 దగ్గర ఉంటుంది. 60 × 0.36 = 21.6, సెకనుకు. 1 అనుకుని ఉంటే 60 రాసేవారు, మూడు రెట్ల తప్పు.

ఒక్క ఆంప్లిట్యూడ్‌తో ఆగకండి. అదే పొర మీద 25, 50 మిల్లీవోల్టులతో కూడా తీయండి. వేగం నిజంగా 20 దరిదాపుల్లో ఉంటే శిఖరాలు వరుసగా 18, 24 హెర్ట్జ్ దగ్గర రావాలి. మూడు చోట్లా లబ్ధం ఒకటే వస్తే మీ మోడల్ సరైనదే. శిఖరం కదలకుండా ఒకే చోట కూర్చుంటే అది ఇంకేదో చర్య.

అన్నిటికంటే మంచి పద్ధతి, స్ప్రెడ్‌షీట్‌లో మొత్తం వోల్టామోగ్రామ్‌ను మీరే గీసుకోవడం. అంటుకున్న పదార్థానికి డిఫ్యూజన్ లేదు కాబట్టి లెక్క ఎంత తేలికంటే ఒక్కో పల్స్‌కు ఒక్క వరస చాలు, ఉజ్జాయింపు కూడా కాదు, ఖచ్చితమైన జవాబే. నిలువు వరసలు ఇవి:

ఫై = (పల్స్ పొటెన్షియల్ − ఈ-నాట్) ÷ 25.7, మిల్లీవోల్టుల్లో.
కె = వేగ స్థిరాంకం × [ఎక్స్‌ప్(−ఆల్ఫా × ఫై) + ఎక్స్‌ప్((1 − ఆల్ఫా) × ఫై)].
సమతుల్య వాటా = 1 ÷ (1 + ఎక్స్‌ప్(−ఫై)). ఆ పొటెన్షియల్ దగ్గర ఎంతసేపైనా ఆగితే మిగిలే ఫెర్రిక్ వాటా ఇది.
చివరి వాటా = సమతుల్య వాటా + (మొదటి వాటా − సమతుల్య వాటా) × ఎక్స్‌ప్(−కె ÷ (2 × ఫ్రీక్వెన్సీ)).
కరెంట్ = ఛార్జ్ × కె × (చివరి వాటా − సమతుల్య వాటా).

ఈ వరస చివరి వాటాయే కింది వరసకు మొదటి వాటా. మొట్టమొదటి వరసలో 1 పెట్టండి, అంతా ఫెర్రిక్. పొటెన్షియల్‌ను ఒకసారి మెట్టు మైనస్ ఆంప్లిట్యూడ్, తర్వాత మెట్టు ప్లస్ ఆంప్లిట్యూడ్, మళ్ళీ 4 మిల్లీవోల్టులు దిగి అదే ఆట. ఫార్వర్డ్‌లోంచి రివర్స్ తీసేస్తే నికర కరెంట్. వేగం 20, ఆల్ఫా 0.5, 15 హెర్ట్జ్, 100 మిల్లీవోల్టులు పెట్టి చూడండి: రెండు పీకులు సుమారు 128 మిల్లీవోల్టుల దూరంలో వస్తాయి. మీరు చూసింది 130. అదే 15 హెర్ట్జ్‌లో 50 మిల్లీవోల్టులు పెడితే ఒక్కటే పీకు. 100 మిల్లీవోల్టులు, 30 హెర్ట్జ్ దగ్గర నెత్తి చదును. మీ చదును నెత్తి కూడా లెక్కలో ఉన్నదే.

50 హెర్ట్జ్ పాయింటు సంగతి. అది గోడలోని కరెంట్. మన మెయిన్స్ 50 హెర్ట్జ్. మీరు 50 పెడితే ఫార్వర్డ్ కొలతకూ రివర్స్ కొలతకూ మధ్య 10 మిల్లీసెకన్లు, అంటే మెయిన్స్‌కు సరిగ్గా అర చుట్టు. ఒకదానిలో కలిసింది ఇంకోదానిలో తగ్గుతుంది, తేడా తీసేసరికి రొద రెట్టింపు. అది ఎంతన్నది రన్ ఏ క్షణంలో మొదలైందో దాన్ని బట్టి ఉంటుంది, అందుకే ఒక్కోసారి ఒక్కోలా. 25 హెర్ట్జ్ దగ్గర దీనికి తలకిందులు: రెండు కొలతల మధ్య 20 మిల్లీసెకన్లు, నిండు చుట్టు, తేడాలో రొద కొట్టుకుపోతుంది. అందుకే 25 పాయింటు ఎప్పుడూ ముద్దొస్తుంది. 100 దగ్గర రంపపు పళ్ళలా కనిపిస్తుంది. 48, 52 లాంటివి ఇంకా మోసం, బేస్‌లైన్ మీద నెమ్మదైన అలలు లేస్తాయి, వాటిని పీకులని పొరబడతారు. సెల్‌కు ఫారడే డబ్బా లేకపోతే రాణిగంజ్‌లో ఇనుప జాలీ కొని పెట్టెలా వంచి యంత్రం గ్రౌండ్‌కు తగిలించండి, వందల్లో అయిపోతుంది. స్టిరర్ ప్లగ్గు మాత్రం ఊడబీకండి, స్విచ్ ఆపితే చాలదు.

మూసీగట్టు

మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి అన్నా. మూసీ నీళ్ళల్ల నికెల్ కొలుస్తున్నం, డైమిథైల్‌గ్లయాక్సిమ్ కలిపి బిస్మత్ ఫిల్మ్ మీద. అది కూడా ఎలక్ట్రోడ్‌కు అంటుకున్న కాంప్లెక్సే కద. ఈ శిఖరం పద్ధతితోని దాని వేగం కూడా తీయొచ్చా?

బఫర్‌ఏడు, ఉప్పల్

తీయకూడదు తమ్ముడూ. అంటుకున్నది కాంప్లెక్స్ నిజమే, కానీ చర్య అయ్యాక మిగిలేది ఏంటో చూడాలి. నికెల్–డైమిథైల్‌గ్లయాక్సిమ్‌లో నికెల్ ఒక్కటే కాదు, లిగాండ్ (లోహానికి అతుక్కున్న డైమిథైల్‌గ్లయాక్సిమ్) కూడా క్షయకరణ చెందుతుంది, మొత్తం మీద పది ఎలక్ట్రాన్ల దాకా పోతాయని ప్రతిపాదన ఉంది. అందుకే అంత చిన్న గాఢతకు అంత పెద్ద పీకు. అయితే అటు పోయింది ఇటు తిరిగి రాదు. రివర్స్ కరెంట్‌ను విడిగా వేసి చూడు, తిరుగు పీకు కనిపించదు. తిరుగు చర్య లేనిచోట కరెంట్‌ను ఫ్రీక్వెన్సీతో భాగిస్తే శిఖరం రాదు, దాదాపు చదునుగా ఉంటుంది.

రాగి, కాడ్మియం, సీసం, జింక్ కాంప్లెక్సులను పాదరసం మీద చేసేవాళ్ళకు ఇంకో చిక్కు: క్షయకరణ అయిన లోహం పాదరసంలోకి కరిగిపోతుంది, లిగాండ్ పైన మిగులుతుంది. అది సగమే అంటుకున్న చర్య, పై స్ప్రెడ్‌షీట్ దానికి పనికిరాదు. రెండు రూపాలూ కదలకుండా కూర్చునే హీమిన్, థాలోసయనిన్ లాంటి వాటికే ఈ లెక్క.

నీ పనికి వేగం అవసరం లేదు, గాఢత కావాలి. అమోనియా బఫర్, పీహెచ్ 9.2, మైనస్ 0.7 వోల్ట్ దగ్గర పోగుచేసి, మైనస్ 1.0 దరిదాపుల్లో పీకు చదువు, స్టాండర్డ్ అడిషన్ (తెలిసినంత నికెల్ కలిపి మళ్ళీ కొలవడం) కనీసం మూడు. కోబాల్ట్ పీకు ఇంకాస్త నెగెటివ్‌లో పక్కనే వస్తుంది, కంగారు పడకు. మూసీ నీళ్ళలో డిటర్జెంట్లు, సేంద్రియ పదార్థాలు బోలెడు, అవి ఫిల్మ్‌ను కప్పేసి పీకును నొక్కేస్తాయి. ఆమ్లం వేసి యూవీ దీపం కింద జీర్ణం చేయకుండా కొలిస్తే నికెల్ తక్కువగా చూపిస్తుంది. వివరాలకు వేరే ప్రశ్న వేయి, ఇక్కడ హీమిన్ దారి తప్పుతుంది.

గాజుకర్బనం, తార్నాక

25 మిల్లీవోల్టులతో శిఖరం 18 దగ్గర, 50తో 25 దగ్గర వచ్చింది. గుణిస్తే 20.5, 21. పొరను 2 నిమిషాలు మాత్రమే ముంచి తీసినా శిఖరం కదల్లేదు, ఎత్తు మాత్రం తగ్గింది.

చివరిగా ఒకటి. గైడ్ గారు లావిరాన్ పద్ధతితో (పీకుల మధ్య దూరం నుంచి వేగం తీయడం) కూడా చూపించమంటున్నారు, సైక్లిక్‌లో స్కాన్ రేటు పెంచుతూ. ఎంత దాకా వెళ్ళాలి?

నల్లచుక్క

ముంచే సమయం మార్చినా శిఖరం కదలకపోవడం మంచి గుర్తు. పొర మందంగా ఉన్నా, అణువులు ఒకదాన్నొకటి గట్టిగా తోసుకుంటున్నా శిఖరం పక్కకు జరిగేది.

లావిరాన్ వాలు పద్ధతికి పీకుల మధ్య దూరం 200 మిల్లీవోల్టులు దాటాలి. మీ వేగం 20 అయితే సెకనుకు 1 వోల్ట్ దగ్గర దూరం 60 మిల్లీవోల్టులే ఉంటుంది, 200 దాటాలంటే దాదాపు 9 వోల్ట్‌లు కావాలి. సరళ రేఖ గీయడానికి పాయింట్లు కావాలంటే అక్కడి నుంచి 50 దాకా పోవాలి. యంత్రం ఇస్తుంది, కానీ సెల్ ఒప్పుకుంటుందా అన్నది ప్రశ్న. గ్లాసీ కార్బన్ కెపాసిటెన్స్ చదరపు సెంటీమీటరుకు 25 మైక్రోఫారడ్ అనుకుంటే మీ డిస్క్‌కు 1.8 మైక్రోఫారడ్. ద్రావణం నిరోధం 150 ఓమ్‌లైతే సెల్ టైమ్ కాన్‌స్టంట్ 0.27 మిల్లీసెకన్లు. 50 వోల్ట్‌ల రేటులో ఛార్జింగ్ కరెంటే 90 మైక్రోఆంపియర్లు, హీమిన్‌ది దాని మీద ఇంకో వంద పైచిలుకు. అప్పుడు నిరోధం వల్లే పీకులు చెరో 30 మిల్లీవోల్టులు జరుగుతాయి, మీరు దాన్ని నెమ్మదైన చర్య అనుకుని వేగాన్ని తక్కువగా రాస్తారు. ఐఆర్ కాంపెన్సేషన్ (ద్రావణం నిరోధం వల్ల పోయే వోల్టేజీని యంత్రమే సర్దడం) పెట్టండి, అయితే పూర్తిగా కాదు, 85 శాతం దగ్గర ఆపండి, దాటితే పొటెన్షియోస్టాట్ ఊగిపోతుంది. రిఫరెన్స్ కొనను డిస్క్‌కు దగ్గరగా జరపండి.

ఈ టైమ్ కాన్‌స్టంట్ స్క్వేర్ వేవ్‌కు కూడా హద్దు గీస్తుంది. పల్స్ దానికి కనీసం 5 రెట్లు పొడుగుండాలి, అంటే 1.35 మిల్లీసెకన్లు. 300 హెర్ట్జ్‌కు పల్స్ 1.67 మిల్లీసెకన్లు, అక్కడితో ఆపాలి. మీ శిఖరాలన్నీ 60 లోపే కాబట్టి స్క్వేర్ వేవ్ విలువనే నమ్మండి. గైడ్ గారి కోసమైతే 0.2 నుంచి 5 వోల్ట్‌ల మధ్య పీకు దూరాలు తీసి లావిరాన్ చిన్న దూరాల పట్టికతో పోల్చండి, వాలు అక్కర్లేదు. అక్కడ 20కి అటూ ఇటూ వస్తే చాలు.

రాసేటప్పుడు 20.5 అని దశాంశం పెట్టకండి. మీ పీకు 105 వెడల్పుంది, అంటే అన్ని అణువులదీ ఒకే వేగం కాదు, ఇది సగటు. కనీసం మూడు సార్లు పాలిష్ చేసి కొత్త పొరతో తీసి, వాటి మధ్య తేడానే ప్లస్-ఆర్-మైనస్‌గా వేయండి. ఒకే పొర మీద మూడు రన్‌ల తేడా వేస్తే అది యంత్రం నిలకడ తప్ప ఇంకేం చెప్పదు.

బఫర్‌ఏడు, ఉప్పల్

పొరకూ పొరకూ మధ్య శుభ్రం చేయడం గురించి కూడా. పాత హీమిన్ వట్టి నీటికి పోదు. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో రెండు నిమిషాలు ముంచి, నీటితో కడిగి, ఆ తర్వాతే అల్యూమినా: 0.3, తర్వాత 0.05 మైక్రాన్, ఎనిమిది అంకె ఆకారంలో, చెరో రెండు నిమిషాలు. రెండింటికీ ఒకే గుడ్డ వాడితే 0.05 వాడిన ఫలితం ఉండదు. సోనికేటర్‌లో నిమిషం దాటించకండి, డిస్క్‌కూ ప్లాస్టిక్ ఒడికీ మధ్య సందు పడి ద్రావణం లోపలికి దూరితే కెపాసిటెన్స్ పెరుగుతుంది, ఆ ఎలక్ట్రోడ్ ఇక కైనెటిక్స్‌కు పనికిరాదు. ప్రతిసారీ హీమిన్ ముంచే ముందు ఖాళీ బఫర్‌లో 15 హెర్ట్జ్, 100 మిల్లీవోల్టులతో ఒక బ్లాంక్ తీయండి. మైనస్ 0.29, మైనస్ 0.42 దగ్గర చిన్న గుబ్బలు మిగిలి ఉంటే పాత పొర ఇంకా ఉన్నట్టే, మళ్ళీ పాలిష్ చేయాలి.